నిమి చక్రవర్తి కాపురం

తరగతిలో ‘అనిమిషులు’ అన్న మాట ఎదురైనప్పుడెల్లా పాఠాన్ని కాసేపు పక్కన పెట్టి నిమి చక్రవర్తి కథ చెప్పడం నాకు అలవాటుగా ఉండేది. యజ్ఞం చేయించమని ఆయన వసిష్ఠుణ్ణి అడిగాడు. ఇంద్రుని యాగానికి ముందే ఒప్పుకొన్నానని మహర్షి వెళ్ళిపోయాడు. నిమి ఆగలేక వేరే ఋత్విజులతో మొదలుపెట్టాడు. తిరిగివచ్చిన వసిష్ఠుడు నీ దేహం పడిపోవుగాక అని శపించాడు; రాజు కూడా ఊరుకోలేదు, ఎదురు శాపమిచ్చాడు. దేవతలు మళ్ళీ శరీరమిస్తామంటే నిమి వద్దని, సకల ప్రాణుల కన్నులలో నివసించే వరం కోరుకొన్నాడు. అప్పటినుంచి ప్రాణులకు రెప్పపాటు కలిగిందని విష్ణుపురాణం చెపుతుంది. ఆ నిమేషం లేనివారు గనుక దేవతలు అనిమిషులు. పిల్లలు కన్నార్పకుండా వినేవారు. వారు చూస్తున్నది మాత్రం నా రెప్పలను. అవి అప్పటికే ఎర్రబడి, వాచి, అంచుల వెంబడి పొట్టు కట్టి ఉండేవి.

ఇది 1991లో మొదలైంది. గుంటూరు జిల్లాలోని ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. నిద్ర లేచేసరికి పై రెప్ప, కింది రెప్ప అంటుకొని ఉండేవి. తడి వేళ్ళతో పుసి నాననిచ్చి విడదీసుకోవాలి. పగలంతా కంట్లో ఇసుక పోసినట్లు గరగర. ఏడాదికి రెండు మూడు సార్లు కంటికురుపు. పాఠశాలకు దగ్గరలోనే మిరపకాయల కల్లాలు. ఘాటు సోకి ఉంటుందని అందరూ అన్నారు, నేనూ నమ్మాను. వానకాలంలో కల్లాలు ఖాళీగా ఉన్నప్పుడు కూడా కళ్ళు అలాగే ఎందుకున్నాయని నాకు తోచలేదు. వ్యాకరణంలో ప్రతి అపవాదానికీ కారణం వెదికేవాణ్ణి నా కళ్ళ విషయంలో ఆ పని చేయలేకపోయాను.

మంట కంటే మాట ఎక్కువ బాధించింది. కండ్లకలక అనుకొని కొందరు తల్లులు తమ పిల్లలను నా బల్లకు దూరంగా కూర్చోబెట్టమని కబురు పంపారు. మాస్టారు రాత్రిపూట పుచ్చుకొంటాడని ఊళ్ళో ఒక పుకారు పుట్టింది. కాఫీ తప్ప మరొకటి ముట్టనివాణ్ణి, ఎవరికని చెప్పుకొనేది? ఒకనాడు వరండాలో నడిచిపోతుంటే తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు నన్ను ‘పుసికళ్ళ పంతులు’ అనడం చెవిని పడింది. విననట్లే వెళ్ళిపోయాను. ఆనాటి పాఠంలో ‘అనిమిషులు’ వచ్చినా నిమి కథ చెప్పలేదు.

కన్ను ఎర్రబడితే ‘వేడి చేసింది’ అనడం మన ఇళ్ళలో పరిపాటి. వేడికి విరుగుడు చలువ. రాత్రిళ్ళు నందివర్ధనం పూలు కళ్ళ మీద పెట్టుకొన్నాను, పన్నీరు చుక్కలు వేసుకొన్నాను, పొన్నగంటికూర తిన్నాను. కూర రుచిగా ఉంది. దానిని నేటికీ మానలేదు. చల్లని నీళ్ళతో పదే పదే కడుక్కొన్నాను. ఇదంతా తలకిందుల వైద్యమని తెలియడానికి 17 ఏళ్ళు పట్టింది.

1998లో పట్నంలో ఒక మందుల దుకాణంవారు చిన్న సీసా ఇచ్చారు. రెండు రోజులలో ఎరుపు మాయమైంది. ఇంతటి దివ్యౌషధం ఉండగా ఇన్నాళ్ళు ఎందుకు బాధపడ్డానా అనుకొన్నాను. మానేసిన వారానికి మళ్ళీ వచ్చింది, మళ్ళీ కొన్నాను. అలా పదేళ్ళు. అందులో ఉన్నది స్టెరాయిడ్ అని, వైద్యుని పర్యవేక్షణ లేకుండా అది నెలల తరబడి వాడరాదని నాకు తెలియదు. చీటీ అడగకుండా ఇచ్చినవారు చెప్పలేదు.

ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి. ఆవిడ కళ్ళూ ఇలాగే ఉండేవి. కట్టెలపొయ్యి పొగ అనేవాళ్ళం. గ్యాసు పొయ్యి వచ్చిన తరువాత కూడా తగ్గలేదు. తెల్లవారుజామున కాగులోని వేన్నీళ్ళతో చీర చెరగు తడిపి, పిండి, మూసిన కళ్ళ మీద అదుముకొని చాలాసేపు గడప మీద కూర్చొనేది. ఆ తరువాతే మిగిలిన పనులు. 2003లో నా దివ్యౌషధం ఆవిడకూ తెచ్చిపెట్టాను. రెండు రోజులు వేసుకొని, ‘ఈ చుక్కలు నాకొద్దురా, నా వేన్నీళ్ళు నాకు చాలు’ అంది. కళ్ళెర్రగా ఉంటే వేడినీళ్ళేమిటి, చాదస్తం కాకపోతే అని కసిరాను. మాట్లాడకుండా సీసా గూట్లో పెట్టింది. మరుసటి సంవత్సరం ఆవిడ పోయాక చూస్తే ఆ సీసా అక్కడే ఉంది, దాదాపు నిండుగా. పారేయడం దేనికని నేనే వాడుకొన్నాను.

2008లో పదో తరగతి జవాబు పత్రాలు దిద్దడానికి వెళ్ళాను. రోజుకు 40 పత్రాలు. మూడో రోజున అక్షరాల చుట్టూ రంగు వలయాలు కనిపించాయి. భయపడి కంటి ఆసుపత్రికి పరుగెత్తాను. నాకంటె 20 ఏళ్ళు చిన్నదైన డాక్టరమ్మ కంటిలో పీడనం చూసింది: 29. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాలట. ‘ఏం చుక్కలు వేస్తున్నారండీ?’ అని మొదట అడిగిన ప్రశ్న అదే. సీసా చూపించాను. నీటికాసుల జబ్బు గుమ్మం దాకా వచ్చిందని, చూపునరం ఇంకా చెడలేదని, ఆ చుక్కలు ఆపితే పీడనం దిగే అవకాశముందని చెప్పింది. చదువుకొని బ్రతికినవాడికి ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోండి. రెండు నెలల పాటు పీడనం తగ్గించే చుక్కలు వాడిన మీదట అది 17కు దిగింది. అప్పటిదాకా రాత్రులు నిద్ర లేదు.

అసలు జబ్బు పేరు ఆ రోజే విన్నాను, బ్లెఫరైటిస్. రెప్పల అంచుల వాపు అని అర్థం. ప్రతి రెప్ప అంచులోనూ వెంట్రుకల వెనుక వరుసగా నూనె గ్రంథులు ఉంటాయి. పై రెప్పలో సుమారు 30, కింద కొంచెం తక్కువ. 17వ శతాబ్దంలో వీటిని వివరించిన జర్మను వైద్యుడు మైబోమ్ పేరు మీదుగా మైబోమియన్ గ్రంథులంటారు. మనం రెప్ప వేసినప్పుడల్లా ఆ నూనె సన్నని పొరగా కన్నీటి మీద పరుచుకొని అది ఆరిపోకుండా కాపాడుతుంది. నిమి చక్రవర్తి చేసే కొలువు ఇదన్నమాట. నా గ్రంథులలో నూనె చలికాలపు నెయ్యిలా పేరుకొని ద్వారాలు మూసుకొన్నాయి. పేరుకొన్న నేతిని ఏం చేస్తామండీ అని అడిగింది డాక్టరమ్మ. కాస్త వెచ్చజేస్తాము అన్నాను. ‘మీ వైద్యం మీరే చెప్పారు’ అంది.

అంటే కాపడం. శుభ్రమైన గుడ్డను వేడినీళ్ళలో ముంచి, పిండి, మణికట్టు లోపలి చర్మం మీద ఓర్చుకోగలమో లేదో చూసుకొని, మూసిన రెప్పల మీద అయిదు నుంచి పది నిమిషాలు ఉంచాలి. గుడ్డ నిమిషం తిరగకుండానే చల్లారుతుంది, కనుక మళ్ళీ మళ్ళీ ముంచాలి. మా ఆవిడ వేడినీళ్ళు పోసిన స్టీలు చెంబుకు తడిగుడ్డ చుట్టిపెడితే కొంచెం ఎక్కువసేపు నిలిచింది. (చిన్నప్పుడు నిప్పులు పోసిన చెంబుతో చొక్కాలు ఇస్త్రీ చేసుకొన్న తరం మాది.) తరువాత పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి, వెంట్రుకల వైపుగా వేలితో మెల్లగా నిమరాలి. నేను మొదట్లో గుడ్డునే గట్టిగా నొక్కి చివాట్లు తిన్నాను. చివరగా, కాచి చల్లార్చిన నీళ్ళలో చంటిపిల్లల షాంపూ చుక్క కలిపి, దూదితో రెప్ప అంచు మీది పొట్టు తుడిచివేయాలి. మొదట రోజుకు రెండు పూటలు, నెమ్మదించాక ఒక పూట. కొన్ని వారాలు డాక్సీసైక్లిన్ బిళ్ళలు కూడా ఇచ్చింది.

ఎన్నాళ్ళు చేయాలని అడిగాను. ‘పళ్ళు ఎన్నాళ్ళు తోముకొంటారు?’ అంది.

బస్సులో ఇంటికి వస్తూ గడప మీద కూర్చొన్న అమ్మ గుర్తుకొచ్చింది. గుడ్డకు బదులు చీర చెరగు, అంతే తేడా.

తీరిక దొరికాక సుశ్రుతసంహిత తిరగవేశాను. ఉత్తరతంత్రంలో 76 నేత్రరోగాలు చెప్పి, వాటిలో 21 రెప్పలకే కేటాయించాడు. రెప్పా వెంట్రుకా కలిసేచోట క్రిములు పుట్టి దురద కలిగించే ‘క్రిమిగ్రంథి’ని సంధిరోగాలలో చేర్చాడు. ఈనాటి వైద్యులు సూక్ష్మదర్శినిలో చూసే డెమోడెక్స్ పురుగు అచ్చంగా అక్కడే, వెంట్రుక కుదుటిలో ఉంటుంది; పొడవు మిల్లీమీటరులో మూడో వంతు. కొందరి రెప్పల వాపుకు అదే కారణం; దానిని చంపే చుక్కలమందుకు 2023లో అమెరికాలో అనుమతి లభించింది. అంత మాత్రాన సుశ్రుతుడు డెమోడెక్స్‌ను చూశాడని నేననను; అటువంటి వాదాలు మనవాళ్ళకు చులకన తెస్తాయి. కాని దురద ఎక్కడ పుడుతున్నదో ఆయన సరిగ్గా వేలు పెట్టి చూపాడు. ఈ శాస్త్రాన్ని విదేహాధిపతి చెప్పాడని కూడా అక్కడే ఉంది. విదేహాధిపతి అంటే నిమి అని పెద్దలంటారు. రెప్పల మీద నివసించే ఆయనే రెప్పల వైద్యం కూడా చెప్పాడన్నమాట. ఉద్యోగకాలంలో ఈ ముక్క తెలిసి ఉంటే కథకు ఎంత నిండుతనం వచ్చేదో!

జబ్బు పోలేదు. కాపడం నాలుగు రోజులు మానితే అయిదో రోజుకు అంచులు ఎర్రబడతాయి. కంప్యూటరు ముందు కూర్చొంటే రెప్ప వేయడం తగ్గిపోతుంది, గరగర ఎక్కువవుతుంది. అందుకని అరగంటకొకసారి లేచి పెరట్లోకి వెళతాను. ఆరు నెలలకోసారి పీడనం చూపించుకొంటున్నాను.

మొన్న సంక్రాంతికి పాత విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. నలభై దాటాయి, కంప్యూటరు ఉద్యోగం. నమస్కారం చేసి తలెత్తితే రెప్పలు ఎర్రగా ఉన్నాయి. వరండాలో ఆ మాట అన్న కుర్రవాడు వీడే. అతనికి జ్ఞాపకమున్నట్లు లేదు, నేనూ గుర్తు చేయలేదు. ముందు డాక్టరుకు చూపించుకోమని, తోచిన చుక్కలు కొని వేసుకోవద్దని చెప్పి, చెంబూ గుడ్డా తెచ్చి కాపడం ఎలాగో చూపించాను. నెల తరువాత ఫోను చేసి, చేస్తున్నావా నాయనా అని అడిగాను.

‘చేస్తున్నానండి మాస్టారూ,’ అన్నాడు. కొంచెం ఆగి, ‘ఈ వారంలో మూడు రోజులు మానేశాను’ అన్నాడు.