మగ్గం నుంచి మోటారుకు

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో మరమగ్గాల చప్పుడు మధ్య తెలుగు మాటలు వినిపిస్తాయి. తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చిన పద్మశాలీలు దశాబ్దాలుగా ఇక్కడ సాంచెలు నడుపుతున్నారు. రాజనీతి శాస్త్రం చదువుకున్న నాకు యంత్రాలతో పరిచయం తక్కువే. అయినా ఆ చప్పుడు వింటే ఒక రేసు కారు గుర్తొస్తుంది. దానికీ మగ్గానికీ చుట్టరికం ఉంది మరి.

ఆ కారు ఇంగ్లండ్‌లో తయారైన రాడికల్ ఎస్ఆర్8. దాని ఇంజన్‌కు మూలం సుజుకీ హయబుసా మోటార్‌సైకిల్. నాలుగేసి సిలిండర్ల ఇంజన్ల పైభాగాలు రెండింటిని 'వి' ఆకారంలో ఒకే క్రాంక్‌షాఫ్ట్ మీద కూర్చారు. దాదాపు 21 కిలోమీటర్ల నూర్బుర్గ్‌రింగ్ ట్రాక్‌ను 2005లో 7 నిమిషాల లోపే చుట్టేసిన ఈ కారు, 2009లో ఆ సమయాన్ని 6 నిమిషాల 48 సెకన్లకు తగ్గించింది.

రెండు ఇంజన్లు బిగించినంత మాత్రాన పని జరగదు. 1935లో ఎంజో ఫెరారీ బృందం ఆల్ఫా రోమియో బైమోటోర్‌కు ముందొకటి, వెనకొకటి ఇంజన్లు అమర్చింది. వేగానికి కొదవ లేదు కానీ ఆ శక్తికి, బరువుకు రేసుల్లో టైర్లు ఇట్టే అరిగిపోయాయి. రాడికల్‌లో ఎనిమిది సిలిండర్లూ వంతులవారీగా ఒకే షాఫ్ట్‌ను తిప్పుతాయి. కిటుకంతా ఆ పొందికలోనే ఉంది.

సాంచె నడిపేవారికి ఈ పొందిక కొత్త కాదు. నాడె క్షణం ఆలస్యమైతే పడుగు పోగులు తెగిపోతాయి. చప్పుడు మారితే చాలు, చెయ్యి స్విచ్ మీదికి వెళ్తుంది. అసలు సుజుకీ కూడా మగ్గాల కంపెనీయే. 1909లో మిచియో సుజుకీ జపాన్‌లోని హమమత్సులో మగ్గాల కర్మాగారం పెట్టారు. 1952లో ఆ కంపెనీ సైకిల్‌కు మోటారు బిగించింది. 2017లో గుజరాత్‌లోనే, హన్సల్‌పూర్‌లో, కార్ల తయారీ మొదలుపెట్టింది.

మరి సూరత్‌లో మగ్గం తెలిసిన చేతులు మగ్గం దగ్గరే ఎందుకు ఆగిపోయాయి? తెలివి తక్కువై మాత్రం కాదు. హమమత్సులో మగ్గాన్ని విప్పి మార్చి చూసినవాడు దాని యజమాని. ఇక్కడి కార్మికుడికి మీటరు లెక్కన కూలి, పన్నెండు గంటల షిఫ్టు. యంత్రం ఆగితే ఆ రోజు కూలికి కోత. ఇక ప్రయోగాలకు తీరికేదీ?

సూరత్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోంది. ఆ బడికీ సాంచెల షెడ్డుకీ మధ్య ఒక వర్క్‌షాపు ఉంటే, యంత్రాన్ని భయం లేకుండా విప్పే అవకాశం కనీసం పిల్లలకైనా దక్కుతుంది.