బాహుదా ఒడ్డున జర్మన్ కథ

కాణిపాకంలో వినాయకుడి దర్శనం అయ్యాక మనలో చాలామంది చేసేది ఒక్కటే... ప్రసాదం కొనుక్కుని బస్సెక్కేయడం. పక్కనే ఉన్న ఏటి వైపు తిరిగి చూసేవాళ్లు తక్కువ. ఈసారి ఐరాల మండలానికి వెళ్లినప్పుడు ముందుగా ఆ ఏటిగట్టు మీదే కూర్చున్నాను. సంచిలో ఒక చిన్న నవల ఉంది. పేరు ‘సిద్ధార్థ’. రాసింది జర్మన్ రచయిత హెర్మన్ హెస్సే. అచ్చయింది 1922లో.

ఐరాలకూ ఆ పుస్తకానికీ ఏమిటి సంబంధం అంటారా? ఇక్కడికి పన్నెండు కిలోమీటర్ల దూరంలోని చిత్తూరుకు వెళ్లాలి, అదీ 1838కి! ఆ ఏడాది జులై 23న చిత్తూరులో ఒక పెళ్లి జరిగింది. వరుడు హెర్మన్ గుండర్ట్ అనే జర్మన్ మిషనరీ. వధువు జూలీ దుబోవా. మన దేశానికి వచ్చే ఓడలోనే ఆయన తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. పెళ్లయ్యాక ఆ దంపతులు చిత్తూరులో ఉండిపోలేదు. తిరునల్వేలి, మంగళూరు మీదుగా మలబారు చేరారు. 1872లో వెలువడిన ఆయన మలయాళ నిఘంటువుకు ఇప్పటికీ పేరుంది. వాళ్ల కూతురు మేరీ 1842లో తలశ్శేరిలో పుట్టింది. ఆమె కొడుకే హెస్సే!

అంటే, 1946లో నోబెల్ అందుకున్న రచయిత అమ్మమ్మా తాతయ్యల పెళ్లి మన చిత్తూరులో జరిగిందన్నమాట. మనవడు మాత్రం ఇక్కడికి రాలేకపోయాడు. 1911లో బయల్దేరి సింహళం, సుమత్రా చూసి వెనుదిరిగాడు. తాతగారింట్లో విన్న భారతదేశాన్ని తర్వాత కథలో కట్టుకున్నాడు.

కథానాయకుడు బుద్ధుడు కాదు. బుద్ధుడి కాలంలో అదే పేరున్న ఒక బ్రాహ్మణ యువకుడు. ఇల్లు విడిచి, బుద్ధుడికి నమస్కరించి కూడా ఆయన వెంట వెళ్లకుండా, భోగాలన్నీ అనుభవించి విసిగిపోయి, చివరకు ఏటిలో పడి చనిపోదామనుకుంటాడు. ఆ ఏరే అతణ్ని ఆపుతుంది. పడవ నడిపే వాసుదేవుడు ఏటి మాట వినడం నేర్పుతాడు.

1951లో హిల్డా రోస్నర్ ఇంగ్లిషు అనువాదంతో ఈ కథ అమెరికా కుర్రకారుకు చేరింది. 1972లో శశికపూర్‌తో సినిమా అయింది. తెలుగులోకీ వచ్చింది. ఇక్కడే ఉంది తమాషా! ఇందులో ‘సంసారం’ పేరుతో ఒక అధ్యాయం ఉంది. జర్మన్ పాఠకుడికి అది ఎక్కడి నుంచో వచ్చిన తాత్విక పదం. మనకో? ఇల్లూ వాకిలీ, పిల్లల ఫీజులూ! అనువాదకుడు ఆ మాటను మార్చకపోయినా అర్థం మారిపోతుంది. ఊరు వదిలి వెళ్లిన మాట వేషం మార్చుకుని తిరిగి ఇంటికొచ్చినట్టు ఉంటుంది.

ఈ గట్టు మీదా అలాంటి కథే ఒకటుంది. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. స్వామిని చూడటానికి వస్తుంటే తమ్ముడికి ఆకలేసింది. అడగకుండా ఒక మామిడిపండు కోసుకున్నాడు. రాజు చేతులు నరికించాడు. ఈ ఏట్లో మునిగితే తిరిగి వచ్చాయట. బాహువులు ఇచ్చింది కాబట్టి ‘బాహుదా’. హెస్సే ఏరు వినడం నేర్పింది, మన ఏరు పోయినదాన్ని తిరిగి ఇచ్చింది.

కానీ నేను కూర్చున్న వేళ బాహుదాలో వినడానికి నీళ్లు లేవు. ఇసుక, కంప చెట్లు, అక్కడక్కడా ప్లాస్టిక్ కవర్లు. మంచి వాన పడ్డప్పుడే ఇది ఏరు. చుట్టుపక్కల చెరకు తోటలూ, మామిడి తోటలూ బోర్ల మీద బతుకుతున్నాయి.

ఈసారి కాణిపాకం వెళితే ఓ పావుగంట ఏటిగట్టు మీద గడపండి. పిల్లలకు లిఖితుడి కథ చెప్పండి. చిత్తూరు దాటుతున్నప్పుడు ఆ పెళ్లి సంగతీ చెప్పండి. ‘మరి నీళ్లేవి?’ అని వాళ్లు తప్పకుండా అడుగుతారు. చేతులిచ్చిన ఏటికి ఇప్పుడు మన చేతులే కావాలి.