కంటికి కనపడని నూనె

బౌలింగ్ అనగానే మన వాళ్ళలో చాలామందికి ముందు గుర్తొచ్చేది క్రికెట్టే. అమెరికా వచ్చాక ఆ మాటకి ఇంకో అర్థం తెలుస్తుంది: పిల్లల బర్త్‌డే పార్టీ. అద్దె బూట్లు, చల్లారిన పిజ్జా, రంగురంగుల లైట్లు, అరలోంచి చేతికందిన బంతి తీసుకుని దొర్లించడం. తగిలితే పిన్స్ పడతాయి, లేకపోతే బంతి గట్టర్లోకి పోతుంది. నాకూ చాలా ఏళ్ళు అంతే తెలుసు.

మేముండే మిషిగన్‌లో బౌలింగ్ హైస్కూల్ పిల్లలకి చలికాలపు ఆట. బాస్కెట్‌బాల్‌కి ఉన్నట్టే దీనికీ స్కూలు టీములు, కోచ్‌లు, పోటీలు ఉంటాయి. మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఆ టీములో చేరింది. అప్పటినుంచి శనివారాలు నేను బౌలింగ్ సెంటర్లోనే, స్కోర్లు రాసుకునే నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని, ఫ్లాస్కులో టీ తాగుతూ గడుపుతున్నాను. "దీనివల్ల కాలేజీకేమైనా ఉపయోగమా?" అని మన వాళ్ళు అడుగుతుంటారు. అమ్మాయిలకి 2004 నుంచి ఎన్‌సీఏఏ బౌలింగ్ ఛాంపియన్‌షిప్ ఉంది. కానీ మా అమ్మాయి అందుకోసం ఆడటం లేదు. తనకి ఈ ఆటంటే ఇష్టం, అంతే.

పదకొండో తరగతిలో ఉండగా ఆ ఇష్టమే కాస్త ఊగిసలాడింది. అప్పటికి మా ఊరి సెంటర్లో తన సగటు 182. జనవరిలో వేరే ఊళ్ళో జరిగిన పోటీలో మూడు గేముల్లో వచ్చినవి 141, 137, 149. మొత్తం 427. తిరిగొచ్చేటప్పుడు కారులో చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అమ్మా, నాకు అసలు ఆట రాదేమో. ఇన్నాళ్ళూ వచ్చనుకున్నాను" అంది. ఇంకాసేపాగి, టీములో మిగతా వాళ్ళ దగ్గర యురెథేన్ బంతి ఉందనీ, అది లేకపోతే అలాంటి లేన్ల మీద లాభం లేదనీ చెప్పింది. వేళ్ళ కన్నాలు చేయించడంతో కలిపితే ఆ బంతి రెండు వందల డాలర్ల పైనే. నెల తర్వాత మళ్ళీ అలాంటి లేన్ల మీదే పోటీ. "అప్పుడూ ఇంతే అయితే మానేస్తా" అంది.

బంతి కొనడమా మానడమా అన్నది పక్కనపెట్టి, 'అలాంటి లేన్లు' అంటే ఏమిటో ముందు తెలుసుకుందాం అనుకున్నాను. మనం ఆడేచోట పక్కనే ప్రో షాపు ఉంటుంది. అక్కడ బంతులకి కన్నాలు వేసే పెద్దాయన ఓపికగా చెప్పుకొచ్చాడు.

మనం నిలబడే గీత దగ్గర్నుంచి మొదటి పిన్ దాకా 60 అడుగులు. లేన్ వెడల్పు నలభై ఒకటిన్నర అంగుళాలు, అందులో 39 బద్దలు. ఇప్పటి లేన్లు చాలావరకు సింథటిక్కే అయినా ఆ గీతలు, లెక్కలు చెక్క లేన్ల నాటివే. దాని మీద యంత్రంతో నూనె రాస్తారు. ఒకప్పుడు చెక్క పాడవకుండా ఉండటానికి రాసేవారు, ఇప్పుడు ఆటంతా దాని మీదే నడుస్తోంది. ఒక లేన్‌కి పట్టే నూనె మొత్తం కలిపి 20 నుంచి 30 మిల్లీలీటర్లు. మన పప్పులో పోపుకి వేసేంత! దాన్ని ముప్ఫై అయిదు, నలభై అడుగుల పొడవునా పలచగా పరుస్తారు. ఆ తర్వాత పిన్స్ దాకా పొడిగా ఉంటుంది. నూనె మీద బంతి జారుతుంది. పొడి తగలగానే పట్టు దొరికి మలుపు తిరుగుతుంది. ఆ మలుపునే హుక్ అంటారు. ఇదంతా ఆడేవాళ్ళ కంటికి కనపడదు.

అసలు కిటుకు ఆ నూనెని ఎక్కడ ఎంత రాశారన్న దాంట్లో ఉంది. మనం పార్టీలకి వెళ్ళే సెంటర్లలో మధ్యలో బాగా చిక్కగా, అంచుల దగ్గర పలచగా రాస్తారు. అంచు దగ్గర కంటే మధ్యలో దాదాపు పదింతలు ఎక్కువ. కుడిచేతివాటం వాళ్ళ బంతి కాస్త కుడికి తప్పితే, అక్కడ పొడి కాబట్టి పట్టు దొరికి వెనక్కి తిరిగొస్తుంది. ఎడమకి తప్పితే, అక్కడ నూనె ఎక్కువ కాబట్టి మలుపు తగ్గి నిలబడుతుంది. ఎటు తప్పినా లేనే దారిలో పెడుతుందన్నమాట. దీన్ని హౌస్ పాటర్న్ అంటారు. పోటీల్లో వాడే స్పోర్ట్ పాటర్న్‌లో ఆ తేడా చాలా తక్కువ. ఎక్కడ తప్పితే తప్పిందే. ప్రొఫెషనల్ పోటీల్లో ఇలాంటి పాటర్న్‌లకి జంతువుల పేర్లు పెట్టారు. పొట్టివాటిలో చీతా, పొడుగువాటిలో షార్క్ పేరున్నవి.

ఆ ఆదివారం తెనాలిలో ఉన్న మా నాన్నతో ఫోన్లో ఇదంతా చెబితే, నేను ముగించేలోపే ఆయన అందుకున్నారు. "క్యారమ్స్ బోర్డు మీద బోరిక్ పౌడరే కదమ్మా! ఒక మూల ఎక్కువ పడితే స్ట్రైకర్ అక్కడ రయ్యిమంటుంది. మా క్లబ్బులో ఆడేవాడు ముందు బోర్డు మీద చెయ్యి తిప్పి చూసేవాడు, తర్వాతే కూర్చునేవాడు" అన్నారు. మనవరాలు స్పీకర్లో వింటోంది. "తాతయ్యా, ఇక్కడ చెయ్యి పెట్టనివ్వరు" అంది. "అయితే బంతి పెట్టి చూడు" అన్నారాయన.

బంతి పెట్టి చూడటమే చేశాం. వచ్చే పోటీలో వాడే పాటర్న్ కాగితం కోచ్ ముందే ఇచ్చారు. పొడవు 35 అడుగులు, అంటే పొట్టిది. ఆదివారం పొద్దున్న సెంటర్ ఖాళీగా ఉంటుంది. మేనేజర్ మంచివాడు, రెండు లేన్ల మీద ఆ పాటర్న్ వేయించాడు. పక్క రెండు లేన్ల మీద మామూలు హౌస్ పాటర్న్. మా అమ్మాయి దగ్గరున్న మూడు బంతులూ 14 పౌన్లవే, మూడింటికీ తన వేళ్ళకి సరిపడా కన్నాలున్నాయి. స్నేహితురాలి యురెథేన్ బంతి అడిగి చూద్దామన్నా కన్నాలు సరిపోవు. చెప్పుల్లాగే ఇవీ ఎవరివి వాళ్ళకే.

మొదటిది ప్లాస్టిక్ బంతి. దాని పైపొర నూనె పీల్చదు, పట్టు తక్కువ, దాదాపు తిన్నగా పోతుంది. మూలనున్న ఒక్క పిన్ కొట్టడానికి వాడతారు. రెండోది రియాక్టివ్ రెజిన్ పైపొర ఉన్నది, అద్దంలా పాలిష్ చేసింది. ఈ రకం 1990ల మొదట్లో వచ్చి ఆట తీరునే మార్చేసింది. దాని పొరలో సన్నని రంధ్రాలుంటాయి. అవి నూనె పీల్చుకోవడం వల్ల పొడిలో గట్టి పట్టు దొరుకుతుంది. పాలిష్ ఉంటే ముందు బాగా జారి, చివర్లో చటుక్కున తిరుగుతుంది. మూడోదీ రియాక్టివే, కానీ గరుకుగా, మసకగా ఉంటుంది. లోపలి కోర్ కూడా బలమైనది. మూడింట్లోకీ ఖరీదైనది, తొందరగా, ఎక్కువగా తిరిగేది అదే. యురెథేన్ వీటి మధ్యస్థం: 1980ల నాటిది, తిరుగుతుంది గానీ నిదానంగా, ఒకే వంపులో.

ఒక్కో బంతితో ఒక్కో పాటర్న్ మీద పదేసి సార్లు వేయమన్నాను. నూనె ఎక్కువ తాగే బంతిని ఆఖరికి ఉంచమని ప్రో షాపు ఆయన ముందే చెప్పాడు, లేకపోతే మిగతా రెండిటికీ లేన్ మారిపోతుందట. పడిన పిన్స్ లెక్కపెట్టలేదు. ముందు పిన్‌కీ దాని కుడి పక్క పిన్‌కీ మధ్య ఉండే సందుని పాకెట్ అంటారు. బంతి ఎన్నిసార్లు అక్కడ తగిలిందో అదే రాసుకున్నాను.

హౌస్ పాటర్న్ మీద ప్లాస్టిక్ 4, పాలిష్ బంతి 8, గరుకు బంతి 7. ఇది మేమనుకున్నట్టే ఉంది. పొట్టి పాటర్న్ మీద ప్లాస్టిక్ 5, పాలిష్ బంతి 3, గరుకు బంతి 2. అంటే ఖరీదైన బంతి అట్టడుగున ఉంది, అన్నిట్లోకీ చవకది పైనుంది! పది బంతులతో శాస్త్రం తేలదు గానీ, ఎందుకలా అయిందో చూస్తే సబబుగానే ఉంది. నూనె 35 అడుగుల్లోనే అయిపోతే ఇంకా 25 అడుగుల పొడి మిగిలింది. అంత పొడిలో బాగా తిరిగే బంతి తిరుగుతూనే ఉంటుంది, పాకెట్ దాటి అవతలికి పోతుంది. ప్లాస్టిక్ బంతి అయిదు సార్లు పాకెట్‌కి తగిలినా స్ట్రైక్ వచ్చింది మాత్రం ఒక్కటే. పాకెట్‌లోకి ఆరు డిగ్రీలకి దగ్గరగా వంపుతో దూరితే బంతి నాలుగే పిన్స్‌ని తాకుతుంది, మిగతా ఆరూ ఒకదాన్నొకటి పడగొట్టుకుంటాయి. తిన్నగా వెళ్ళిన బంతి పిన్ తగలగానే పక్కకి తొలగిపోతుంది.

ఇంకో సంగతి కూడా తేలింది. బౌలర్లకి ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది: పాటర్న్ పొడవులోంచి 31 తీసేస్తే, బంతి ఎన్నో బద్ద దగ్గర మలుపు తిరగాలో తెలుస్తుంది. నలభై అడుగులకైతే తొమ్మిదో బద్ద. మా అమ్మాయి ఇన్నాళ్ళూ ఆడిన దారి అదే. ముప్ఫై అయిదుకైతే నాలుగో బద్ద. ఒక్కో బద్ద అంగుళం పైచిలుకు, అంటే గట్టర్‌కి నాలుగంగుళాల దూరంలో బంతిని నడిపించాలి. "అంత అంచునా! భయమేస్తుందమ్మా" అంది. జనవరి పోటీలోనూ తను తొమ్మిదో బద్ద మీదుగానే వేసిందని అప్పుడు చెప్పింది. అక్కడ ఏ బంతితో వేసినా అది నిలిచేది కాదు.

యురెథేన్ కొనమంటారా అని ప్రో షాపు ఆయన్ని అడిగితే, అమ్ముకునేవాడై ఉండీ వద్దన్నాడు. ఆ పాలిష్ బంతిని యంత్రం మీద పెట్టి, 2000 నంబరు గరుకు ప్యాడ్‌తో పైమెరుపు తీసేశాడు. నంబరు తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ. 500 బాగా గరుకు, 4000 నున్న. మెరుపు పోతే బంతి కాస్త ముందే పట్టు తెచ్చుకుంటుంది. శక్తి దారిలో కొంత ఖర్చయిపోయి చివరి మలుపు మెత్తబడుతుంది. ఖర్చు పదిహేను డాలర్లు. వచ్చే ఆదివారం అదే బంతితో, నాలుగో బద్ద మీదుగా పది వేస్తే పాకెట్‌కి ఆరు తగిలాయి. రెండు గట్టర్లో పడ్డాయి. ఆ రెండిటికీ నవ్వింది. నెల రోజుల్లో తను లేన్ మీద నవ్వడం అదే చూశాను.

ఫిబ్రవరి పోటీలో మొదటి గేము 156, రెండోది 171. మూడో గేముకి బంతి మళ్ళీ పాకెట్ దాటి ఎడమకి పోవడం మొదలైంది. అప్పటికి అన్ని టీముల రియాక్టివ్ బంతులూ కుడి అంచున ఉన్న ఆ కాస్త నూనెనీ తాగేశాయి. ఎడమచేతివాటం ఉన్న మా టీము అమ్మాయికి ఆ బాధ లేదు, ఆ వైపు ఆడేవాళ్ళే తక్కువ కాబట్టి. మా అమ్మాయి ముందు కాళ్ళు రెండు బద్దలు ఎడమకి జరుపుకుంది. బంతి ఎటు తప్పితే కాళ్ళు అటే జరపాలని కోచ్ నేర్పిందే. అది చాలక, అయిదో ఫ్రేములో ప్లాస్టిక్ బంతి తీసింది. పక్క టీము పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. దానితో స్ట్రైకులు రెండే వచ్చాయి, మిగతా ఫ్రేములన్నీ స్పేర్లతో నిలబెట్టుకుని 163 దగ్గర ముగించింది. మొత్తం 490.

ఆ రాత్రి తాతయ్య ఫోన్ చేసి "ఎంతొచ్చింది?" అన్నారు. సగటు 163 అని చెప్పి, ఊళ్ళో 182 వస్తుందిగా అని ఆయన అనకముందే తనే, "అక్కడ లేన్ సాయం చేస్తుంది తాతయ్యా, ఇక్కడ చెయ్యదు" అంది. 182 అబద్ధమని ఇప్పుడు తననుకోవడం లేదు. 427 చూసి ఆట రాదనీ అనుకోవడం లేదు. ఏ అంకె చెప్పినా పక్కన పాటర్న్ పేరు కూడా చెబుతోంది. మార్కులు తప్ప ప్రశ్నపత్రం అడగని ఇంట్లో పెరిగిన నాకు ఆ అలవాటు నచ్చింది.

మీ పిల్లలెవరైనా ఈ ఆటలోకి వస్తే, మొదటి బంతిగా చేతికి సరిపడే కన్నాలతో ఒక ప్లాస్టిక్ బంతి కొనండి. రెండోది మధ్యరకం రియాక్టివ్ చాలు. ప్రతి ఆట తర్వాత దాని మీది నూనెని ఆల్కహాల్‌తో తుడిపించండి. అమ్మకందారు చెప్పే మూడోదాని కోసం తొందరపడొద్దు. ముందు, ఉన్న బంతి పైపొర మార్చి చూడమనండి. ఆ పొట్టి పాటర్న్ మీద మాకు అడ్డమొచ్చింది బంతి లేకపోవడం కాదు.

యురెథేన్ బంతి కోసం తనే వేసవి ఉద్యోగం డబ్బులు దాచుకుంటోంది. కావాలనే. అది ఏ లేన్ మీద వాడాలో, ఏ లేన్ మీద సంచీలోంచి తీయకూడదో నాకు అరగంట చెప్పింది. ఈ చలికాలం టీము ప్రాక్టీసు నవంబర్లో మొదలవుతుంది.