దరువు తప్పిన కోలాటము

గత వార్షికోత్సవమున హోసూరు వీధులలో మా పిల్లలు కోలాటమాడిరి. డోలు మ్రోత గంభీరముగా వినబడుటకై జీపులోని ఆంప్లిఫయరునకు రెండు సబ్‌వూఫరులను మేమే తగిలించితిమి. ఆర్.ఎం.ఎస్. వాట్లను, అనగా నిరంతరము భరింపగల శక్తిని, సరిచూచితిమి. ఆంప్లిఫయరు 4 ఓములకు తక్కువైన భారము నోర్వదు. ఒక్కొక్క సబ్‌వూఫరు 4 ఓములదే గదా యని రెంటిని సమాంతరముగా కలిపితిమి. తెలుగు పండితుల లెక్క యట్టిది! అట్లు కలిపినచో నిరోధము 2 ఓములకు దిగును, విద్యుత్ప్రవాహము రెట్టింపగును. రెండవ వీధి దాటకముందే పెట్టె చేయి పెట్టరానంత కాగి మూగవోయెను. వేరు స్పీకరులో పాట సాగుచునే యుండెను గాని దరువు పోయెను. తల్లిదండ్రుల యెదుటనే కోలలు తడబడెను. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె "అయ్యవారూ, శ్రేణిలో కలిపిన 8 ఓములగును గదా!" యనెను. పెట్టె చల్లారిన పిదప అట్లే చేసితిమి. మ్రోత తగ్గినను చివరి వీధి దాక నిలిచెను.