మామ్మ వయసు

"నీ వయసెంత మామ్మా?" అని నేనడిగింది ఒక లెక్క కోసం. 2021లో, టెక్కలిలో నా బల్లకవతల కూచుని ఉంది. భావనపాడు నుంచి పెద్దకూతురిని వెంటబెట్టుకుని మోకాళ్ల నొప్పులకొచ్చింది. బరువు 36 కిలోలు. సీరం క్రియాటినైన్ 1.2. కాగితం చూసి కూతురు, "కిరాటిన్ బాగానే ఉంది గదా డాట్రుబాబూ" అంది. కిడ్నీ జబ్బులకు పేరుబడ్డ ఉద్దానం పక్కనున్నవాళ్లం కదా, బడి మెట్లెక్కని వాళ్ల నోట కూడా ఈ మాట బియ్యం ధరలాగే పలుకుతుంది.

బాగున్నట్టే కనిపిస్తుంది. క్రియాటినైన్ కండలోంచి పుడుతుంది. కండే లేని ఒంట్లో అది పుట్టేదే తక్కువ. కిడ్నీలు చాలావరకు చేతులెత్తేసినా కాగితం మీద అంకె మర్యాదగానే ఉంటుంది. అందుకని వేరే లెక్కొకటి ఉంది. 140లోంచి వయసు తీసేసి, బరువుతో హెచ్చవేసి, క్రియాటినైన్‌ని 72తో హెచ్చవేస్తే వచ్చినదానితో భాగించాలి. ఆడవాళ్లకైతే దాన్ని మళ్లీ 0.85తో హెచ్చవేయాలి. దీనికి వయసు కావాలి.

ఆధార్ కార్డులో 1948 జనవరి 1 అని ఉంది. నా దగ్గరికొచ్చే ముసలివాళ్లలో ఎంతమంది జనవరి ఒకటినే పుట్టారో! కార్డు పక్కన పెట్టి మళ్లీ అడిగాను.

"ఏళ్లు నాకేటి తెలుసు బావూ. మూడోవోడు సంకలో ఉన్నప్పుడు నెహ్రూ సచ్చిపోనాడు."

నెహ్రూ పోయింది 1964 మే 27న. మూడోవాడికి ముందు ఇద్దరు. పెద్దమనిషి అయిన మూడేళ్లకు పెళ్లి, ఆ తర్వాత చాన్నాళ్లకు గాని కడుపు పండలేదట. వేళ్లు మడుచుకుంటూ వెనక్కి వెళ్తే 1938 ప్రాంతం తేలింది. అంటే 83.

లెక్కలో పెడితే కిడ్నీల వడపోత నిమిషానికి 20 మిల్లీలీటర్లు. కార్డు చెప్పిన 73 పెడితే 24. ఎటు చూసినా రాయాల్సిన మందులవే, మానాల్సినవీ అవే. ఆ పదేళ్లతో వైద్యానికి పనేమీ లేదన్నమాట. అయినా రెండేళ్లపాటు, వచ్చినప్పుడల్లా ఇంకో ముక్క అడుగుతూనే ఉన్నాను.

ఆవిడ నడినెత్తిన అరచేతి మేర జుట్టు లేదు. చేపల గంప తిన్న జుట్టది. మెడ ఎముకలు ఎక్స్‌రేలో ఒకదాని మీదికొకటి ఒరిగి ఉన్నాయి. తెల్లవారకముందే తీరంలో కవళ్లో నెత్తళ్లో పాడుకుని, నౌపడ ఉప్పు మడుల పక్కనుంచి ఊళ్లవెంట నడిచి అమ్మేది. డబ్బులివ్వలేనివాళ్లు ధాన్యం కొలిచేవారు. తిరుగుదారిలోనూ గంప ఖాళీ కాదు. మొగుడు ఒరిస్సా పెనుతుపానుకి, అంటే 1999కి, ముందేడాది పోయాడు. ఆయన గురించి అంతకంటే చెప్పలేదు. పిల్లలు ఐదుగురు. వాళ్ల పిల్లల్లో ఇద్దరిని తనే పెంచింది. నడవలేని రోజులొచ్చాక ఇసకలో ఆరబోసిన చేపల దగ్గర కర్ర పట్టుకుని కూచుని, కాకుల్నీ కుక్కల్నీ అదిలించేది.

పెంచిన మనవడు గుజరాత్‌లోని వెరావల్‌లో బోటు మీద పని చేస్తాడు. వానాకాలంలో వెళ్తే మళ్లీ వేసవికే రావడం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఊరి కొబ్బరి చెట్లు విరగ్గొట్టి వెళ్లిన నెలన్నరకు, వెరావల్ నుంచి వేటకెళ్లిన మన మత్స్యకారుల్ని పాకిస్తాన్ పట్టుకుందన్న వార్త వచ్చింది. తన మనవడిది వేరే బోటు. అది తెలియడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ మెతుకు ముట్టలేదట. పట్టుబడ్డవాళ్లలో 20 మందిని 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలారు. "పదమూడు నెలలు బావూ. ఆల అమ్మలు ఏటి తిన్నారో" అంది, నేను మోకాలు నొక్కి చూస్తుంటే.

నొప్పి బిళ్లలు కిడ్నీకి చేటని ఆపించాను. ఊళ్లో సూది వేయించుకోవద్దని ఒట్టు వేయించుకున్నాను. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఉప్పు మానాలి, ఎండుచేప మానాలి, పప్పు తగ్గించాలి అని పెద్ద జాబితా చెప్పాను. ఎండుచేపల మీద బతికిన మనిషికి!

"ఉప్పు మానాలంటే ఊరే మానాల బావూ" అని నవ్వింది. నవ్విందే గాని మానేసింది. మానడం ఆవిడకు ముందునుంచీ అలవాటే. కోడలు చెప్పింది, తన పాలి ముక్క మనవల కంచంలో వేసి, గంజిలో ఉల్లిపాయ నంజుకుంటోందని. ఆర్నెల్లలో బరువు 33కి దిగింది. అంత వయసులో పథ్యం పేరుతో తిండి తగ్గిస్తే జబ్బు కంటే ముందు పథ్యమే మనిషిని తీసుకుపోతుంది. చదువుకున్నదే, మర్చిపోయాను. జాబితా చింపేసి, గుడ్డు తిను, చేప తిను, ఉప్పు కాస్త చూసుకో అన్నాను. "పిల్లల నోటి కాడిది నన్నెందుకు తినమంటావు" అని నామీద కేకలేసింది. పోయిన బరువు మళ్లీ రాలేదు.

2023 చలికాలానికి కాళ్లు వాచాయి, నోరు చేదెక్కింది, ఆయాసం. కూతురు డయాలసిస్ మాటెత్తింది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైంది ఆ డిసెంబరులోనే. వయసులో ఉన్నవాళ్లకు రెండో ఆలోచన లేకుండా వెళ్లమనేవాణ్ణి. ఎనభై అయిదేళ్ల ఆ ఒంటికి వారంలో మూడు రోజులు బండిలో కుదుపులు, సూదులు, నీరసం. దాంతో కలిసొచ్చే రోజులు ఎన్నో నాకు నమ్మకం లేదని ఉన్నదున్నట్టు చెప్పాను. మామ్మ వింటూనే ఉంది. "ఇంటికాడే ఉంటాను" అంది.

అప్పుడు కొడుకు గడప దాటి బయటికొచ్చి అడిగాడు, "గుంటడికి కబురెట్టాలా బావూ?" అని. మా ప్రాంతంలో రోగి ఎన్నాళ్లుంటారని అడిగే పద్ధతి ఇది. అవతల మనవడికి వెరావల్ నుంచి రెండు రోజులకు పైబడిన రైలు ప్రయాణం, బోటు సముద్రం మీదుంటే కబురందడానికే ఇంకొన్నాళ్లు, తీసుకున్న అడ్వాన్సు, తెగిపోయే జీతం. వారానికి మించదు, పెట్టమన్నాను.

అయిదోనాటికి మనవడు వచ్చాడు. వాణ్ణి చూశాక రెండు చెంచాలు జావ తాగింది. నా వారం దాటింది, మరో వారం గడిచింది. చూడ్డానికి వెళ్తే నా చెయ్యి పట్టుకుని, గుటక మింగి, "ఆడి జీతం పోతంది బావూ" అంది. ఆలస్యం నాదే అన్నట్టు. మర్నాడు తెల్లవారుజామున పోయింది.

మరణ కారణం రాసే కాగితంలో వయసు గడి దగ్గర 85 వేయబోయాను. కొడుకు ఆధార్ ముందుకు జరిపాడు. "అందులో ఉన్నాదే రాయండి బావూ, తేడా వస్తే ఆఫీసుల సుట్టూ తిప్పుతారు." 75 వేశాను. పెద్దకూతురు ఏడుస్తూనే తన కార్డు తీసి చూసుకుంది. దాంట్లో 1957 అని ఉంది.

"ఓలమ్మా, మాయమ్మ కంటే నాను తొమ్మిదేళ్లే సిన్నదాన్నేటి" అంది, కళ్లు తుడుచుకుంటూ, నవ్వొచ్చి.