లాకర్‌లో బొమ్మ

నాలుగు నెలలుగా ఈ నాలుగు మాటలు రాద్దామనుకుంటూ వాయిదా వేస్తున్నాను. నైట్ డ్యూటీ చేసి వచ్చి, వంట ముగించి ఫోన్ పట్టుకునేసరికి కళ్లు మూసుకుపోతాయి. అది సాకే లెండి. రాస్తే ఏడుపొస్తుందని నా భయం.

నేను కువైట్ వచ్చి పద్నాలుగేళ్లయింది. అబ్బాసియాలో ఒక ఫ్లాట్‌లో నలుగురు నర్సులం ఉండేవాళ్లం. అందరిలో చిన్నది తనే. గుంటూరు దగ్గర పల్లెటూరు. పేరు రాయను, వాళ్లమ్మ ఇంకా తేరుకోలేదు. నేను బుజ్జీ అని పిలిచేదాన్ని, అలాగే రాస్తాను.

బుజ్జికి భక్తి ఎక్కువ, కానీ ఎవరికీ నీతులు చెప్పేది కాదు. డ్యూటీ బస్సులో జపమాల చెప్పుకునేది. శుక్రవారం ఆఫ్ దొరికితే సిటీలోని హోలీ ఫ్యామిలీ కేథడ్రల్‌కి పూజకు వెళ్లేది. వార్డులో ముసలమ్మలకు తనంటే ప్రాణం. తనకి అరబ్బీ నాలుగు ముక్కలే వచ్చు. వాళ్ల కాళ్లకు క్రీమ్ రాస్తూ తెలుగులో కబుర్లు చెప్పేది, వాళ్లు అరబ్బీలో జవాబిచ్చేవాళ్లు. ఏం అర్థమయ్యేదో గానీ ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

తన లాకర్ తలుపు లోపల ఒక చిన్న బొమ్మ అంటించుకుంది. "ఎవరే ఈవిడ?" అంటే చెప్పింది. ఇటలీకి చెందిన సిస్టర్ మరియా బెర్తిల్లా. 1888లో పేద రైతు ఇంట్లో పుట్టింది. చదువు అంతగా రాదని బాతు అని ఎగతాళి చేశారట. మఠంలో చేరితే వంటగదిలో, బట్టలుతికే చోట పెట్టారు. తర్వాత త్రెవీజో ఆసుపత్రిలో డిఫ్తీరియా పిల్లల దగ్గర నర్సుగా వేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊరి మీద బాంబులు పడుతున్నా, లేవలేని రోగులను వదిలి వెళ్లలేదు. 1910లో కణితికి ఆపరేషన్ అయింది. అది తిరగబెట్టినా నొప్పి ఓర్చుకుంటూ పనిచేసింది. 1922 అక్టోబర్ 20న, 34 ఏళ్లకే పోయింది. 1961లో పునీతురాలిగా ప్రకటించారు.

"బెడ్‌పాన్లు తీసి పునీతురాలైందక్కా. అంటే మనకీ ఛాన్సుంది" అని నవ్వేది బుజ్జి.

ఒకరోజు డ్యూటీ దిగి బట్టలు మార్చుకుంటుంటే, నా చెయ్యి పట్టుకుని తన చంక కింద పెట్టింది. గోళీకాయంత గడ్డ. గట్టిగా ఉంది, కదలడం లేదు.

"ఎన్నాళ్ల నుంచే?"

"ఇది ఈమధ్యే. రొమ్ములోది ఎనిమిది నెలల నుంచి ఉందక్కా. నొప్పి లేదు కదా అని..."

నాకు ఒళ్లు మండిపోయింది. నర్సువి, నీకు తెలియదా అని అరిచాను. తెలుసంది. తమ్ముడి ఫీజు, ఇంటి అప్పు, కాంట్రాక్టు రెన్యువల్. జబ్బని తేలితే ఇంటికి పంపేస్తారని భయం. ఆ పైన ఒక మాట అంది: "బెర్తిల్లమ్మ ఓర్చుకోలేదా అక్కా? నేనూ ఓర్చుకుందాం అనుకున్నా."

పరీక్షలు చేసేసరికి కాలేయానికి పాకింది. ఊరెళ్లిపోయింది. హైదరాబాద్‌లో కీమో పెట్టారు. వాళ్లమ్మ గుణదల మాతకు మొక్కుకుంది. వీడియో కాల్‌లో తలకు స్కార్ఫ్ కట్టుకుని "ఎలా ఉన్నానక్కా, కువైటీ అమ్మలా ఉన్నానా?" అనేది. పక్క బెడ్ అమ్మాయికి నోటిపూత వస్తే ఏం తినాలో తనే చెప్పేదట.

చివర్లో ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది. "అక్కా, నేను తప్పుగా అర్థం చేసుకున్నా. బెర్తిల్లమ్మ ఆపరేషన్ చేయించుకుంది కదా. ఆ కాలంలో ఉన్న వైద్యం ఆవిడ చేయించుకుంది. ఆ ముక్క వదిలేసి, ఓర్చుకోవడం ఒక్కటే పట్టుకున్నా. మనవాళ్లకి చెప్పవా."

తను పోయిన రోజు నేను వార్డులోనే ఉన్నాను, ఫోన్ లాకర్‌లో ఉంది. బయటికొచ్చి చూస్తే తొమ్మిది మిస్డ్ కాల్స్. బుజ్జికి 32 ఏళ్లు.

అందుకే చెబుతున్నాను. నొప్పి లేని గడ్డను కూడా చూపించుకోవాలి. చర్మం సొట్ట పడినా, చనుమొన లోపలికి తిరిగినా, రక్తం లాంటిది కారినా, చంకలో బిళ్ల తగిలినా ఆగొద్దు. గడ్డల్లో చాలావరకు క్యాన్సర్ కావు, కానీ ఆ మాట పరీక్ష చేసి డాక్టర్ చెప్పాలి, మనం కాదు. వయసు తక్కువని ధీమా వద్దు. మామోగ్రామ్‌కి పిలుపు వచ్చే వయసు బుజ్జికి ఇంకా రానేలేదు. చిన్న వయసులో ఎక్కువగా అల్ట్రాసౌండ్‌తో చూస్తారు. నెలసరి అయిన కొద్ది రోజులకు ఒకసారి చేత్తో చూసుకుంటే, మన ఒంట్లో మార్పు మనకే తెలుస్తుంది.

మీ దగ్గర దాచడమెందుకు, తన మీద అరిచిన నాకు 46 ఏళ్లు. నేను మొదటి మామోగ్రామ్ చేయించుకుంది పోయిన నెలలోనే. రిపోర్ట్ వచ్చేదాకా మూడు రాత్రులు నిద్ర లేదు. ఏమీ లేదన్నారు. సంతోషపడాల్సింది పోయి, బాత్రూమ్‌లో కూర్చుని ఏడ్చాను.

ఆ బొమ్మ ఇప్పుడు నా లాకర్‌లో ఉంది. ఇళ్లల్లో పనిచేసే చెల్లెళ్లూ, సెలవు అడగడం మీకు మాకంటే కష్టమని తెలుసు. మేడమ్‌ని అడగడానికి మొహమాటమైతే గ్రూపులో నాకు మెసేజ్ పెట్టండి. ఆమెతో నేను మాట్లాడతాను, మీతో ఆసుపత్రికి కూడా వస్తాను. బుజ్జితో ఎనిమిది నెలల ముందు వెళ్లలేకపోయాను.

మీ అక్క,
కువైట్ నుంచి