అక్షరములు కాని బైటులు

మా పాఠశాల కంప్యూటరు గదిలో పైథాన్ భాష నేర్చుకొను బాలబాలికలకు మొదట సంతోషము కలిగించునది తమ పేరును తెలుగు లిపిలోనే తెరపై చూచుకొనుట. 2008వ సంవత్సరమున వెలువడిన పైథాన్ 3 మొదలుకొని ఆ భాష వచనము నంతటిని యూనికోడ్ అక్షరములుగానే యెంచును. మన 'అ'కారము ఫైలులో 224, 176, 133 అను మూడు బైటులుగా నిలువయుండును. యూటీఎఫ్-8 పద్ధతి ననుసరించి పైథాన్ ఆ మూడింటిని మరల ఒక్క యక్షరముగా కూర్చును. తెలుగువారికిది గొప్ప మేలని మా యభిప్రాయము.

చిక్కు వచ్చునది ఫైలులో అక్షరములే లేనప్పుడు. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె తన ముత్తాతగారి ఛాయాచిత్రమును పాఠశాల చిత్రమాలికలో చేర్చదలచినది. కాగితపు పటమును చెదలు తినివేయగా, స్కాన్ చేసిన జేపెగ్ ఫైలు ఒక్కటియే ఆ యింట మిగిలినది. ఆమె దానిని మామూలు వచనమువలె చదువబోగా పైథాన్ మొదటి బైటుననే మొరాయించి, 'యూనికోడ్ డీకోడ్ ఎర్రర్' అని చూపినది. జేపెగ్ ఫైలు 255, 216 అను బైటులతో ప్రారంభమగును. 255 యూటీఎఫ్-8లో ఎచ్చటను రాదు.

ప్రక్కనున్న బాలుడొకడు, "ఇగ్నోర్ అని వ్రాయుము, ఎర్రరు పోవును" అనెను. పోవు మాట నిజమే! దానితోకూడ, అక్షరములుగా కుదరని బైటులన్నియు పోవును. మిగిలినదానిని ఆ పేరుతోనే భద్రపరచినచో ముత్తాతగారును పోవుదురు. మేము వెంటనే వారించితిమి. లాటిన్-1 అని చదువుమని మరియొకడు చెప్పెను. ఇది మరింత మోసకరము. అందు 0 మొదలు 255 వరకు ప్రతి బైటునకును ఒక యక్షరము కలదు గనుక యంత్రము కిమ్మనదు. కాని వచనము చదువునపుడు పంక్తుల చివరలను సరిదిద్దు అలవాటు పైథాన్‌కు కలదు. 13 అను బైటును 10గా మార్చివేయును. చిత్రములో నది పంక్తి చివర కాదు, చిత్రములోని భాగమే. పీఎన్‌జీ పద్ధతిని ఏర్పరచినవారు ఈ ప్రమాదము నెరిగి, ఫైలు మొదటి ఎనిమిది బైటులలో 13, 10 జంటను కావలెననియే చేర్చిరి. అది చెడినచో సంగతి వాకిటనే బయటపడును. ఎంత ముందుచూపు!

చేయవలసినది స్వల్పము. చదువుటకు 'ఆర్‌బీ' అనియు, వ్రాయుటకు 'డబ్ల్యూబీ' అనియు తెలిపినచో పైథాన్ బైటులను బైటులుగానే చేతికిచ్చును. బాలిక యట్లే చేసి, రెండు ఫైలులను బైటు బైటుగా పోల్చిచూచినది, భేదము లేదు.

ఇట్టి పాత పటములు గల తల్లిదండ్రులు మాకు ప్రతిని మాత్రమే పంపి, అసలు ఫైలును తమయొద్దనే యుంచుకొన గోరుచున్నాము.